కూలోళ్ల సాలు

మదనపల్లెలో మా ఇంటి వెనక ఉన్న నేలను తోట అని పిలిచేది నేనొక్కదాన్నే. వీధిలోవాళ్లు "సిస్టరమ్మ దొడ్డి" అంటారు. పది మంచాలు వేస్తే నిండిపోయే చోటు. ఒక పక్క ప్రహరీ, ఒక పక్క అద్దెగది గోడ, మూలన అంట్లు తోమే బండ. బోరు లేదు. వేయించమని చెప్పేవాళ్లకు నా జవాబు ఒకటే: ఈ వీధిలో భూమికి ఇప్పటికే పడ్డ చిల్లులు చాలు. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, కొళాయి వచ్చిన రోజు మిగిలిన నాలుగు బిందెలు, వీటితోనే నా సేద్యం. ఎండుటాకులు మందంగా పరిస్తే ఆ కాసిని నీళ్లే మూడు రోజులు తడి నిలుపుతాయి. ఈ సంగతి అడిగినవాళ్లకూ చెబుతాను, అడగనివాళ్లకూ చెబుతాను. ఆస్పత్రిలో నర్సుగా బతుకంతా గడిపినదాన్ని, ఊరికే సలహాలు చెప్పే జబ్బు నాకు రిటైరయ్యాక కూడా పోలేదు.

ఆ తోటలో నాకు ప్రాణంతో సమానమైనది అనప, చిక్కుడు జాతి గింజ. అంగట్లో ఏడాది పొడుగునా దొరికే అనప కాదు, మా అమ్మ అనప. కుప్పం దగ్గర మా ఊళ్లో, మా చేలో తరతరాలుగా వేసినది. దానికి తొందర లేదు. ఎన్ని నీళ్లు పోసినా, ఎంత ఎరువు పెట్టినా, చలి మొదలై పొద్దు కురచ అయ్యేదాకా పూత పట్టదు. కాయ ఒలిస్తే వేళ్లకు జిడ్డు అంటుకుంటుంది, ఆ వాసన సాయంత్రం దాకా పోదు. అమ్మ పోయినప్పుడు వదిన చీరలు పంచుతుంటే నేను ఉట్టిమీది విత్తనాల మూట తీసుకుని బస్సెక్కాను. అప్పటినుంచి ప్రతి ఏడూ వేయడం, కోయడం, దాయడం. నాకు తెలిసినంతలో ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. నేను పెళ్లి చేసుకోలేదు. నా తర్వాత ఈ లోకంలో నాదంటూ మిగిలేది ఏదైనా ఉంటే అది ఆ గింజలేనని నమ్మేదాన్ని.

అమ్మకు రెండు పద్ధతులు ఉండేవి. మొదటిది విత్తనానికి మట్టి పట్టించడం. ఎర్రమట్టిని నీళ్లలో చిక్కగా కలిపి, గింజలు అందులో వేసి పొర్లించి, ఎండబెట్టి మూట కట్టేది. పురుగు పట్టదు. అంతకంటే ముఖ్యం, మట్టి పట్టిన గింజను మా వైపు ఎవరూ వండరు. ఎంత కరువొచ్చినా దానిమీద చెయ్యి వెయ్యరు.

రెండోది కూలోళ్ల సాలు. వేరుశనగ చేలో మధ్యమధ్య అనప, అలసంద, కంది కలిపి సాళ్లు వేసేవాళ్లు. గట్టు పక్కనున్న సాలును మాత్రం అమ్మ కూలోళ్ల సాలు అనేది. కలుపు తీసే ఆడవాళ్లు ఇంటికి పోయేటప్పుడు అందులో కాయలు కోసి ఒడిలో పోసుకుని పోవచ్చు. ఎన్ని కోశారని అడగకూడదు. కూలి కూలే, ఇది వేరే. మా ఇంటివాళ్ల చెయ్యి మాత్రం ఆ సాలు మీద పడకూడదు. చిన్నప్పుడొకసారి నేను అందులో రెండు కాయలు తుంచితే, అమ్మ అందరి ముందూ నా చేతిమీద ఒక్కటి వేసింది.

"మన చేనే గదమ్మా" అన్నాను ఏడుస్తూ.

"చేను మనదే. సాలు వాళ్లది. ఆ మన్నుకు వాళ్లు వంగినంత నువ్వు వంగినావా?" అంది.

ఆ దెబ్బ నాకు గుర్తుంది. ఎందుకు కొట్టిందో మాత్రం చాలా ఏళ్లు మరిచిపోయాను.

మా వెనక గదిలో ఒకామె అద్దెకు ఉండేది. తంబళ్లపల్లె అవతల మెట్టపల్లె నుంచి వచ్చింది. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయి, భర్త పోయి, కూతురు పెళ్లయి వెళ్లిపోయి, ఆమె ఒక్కతే మదనపల్లె చేరింది. టమాటా మండీలో ఏరే పని. మంచికాయ క్రేట్లలోకి, మెత్తబడిన కాయ నేలమీదికి. మెత్తబడినవాటిని ఆమె రోజూ ఒక గోతంలో ఎత్తుకుని, తలమీద పెట్టుకుని, మండీ నుంచి మా ఇంటిదాకా నడిచి వచ్చేది. నా ఎరువు గుంతలో కుమ్మరించి, ఎండుటాకులు కప్పి, ఆ తర్వాతే ముఖం కడుక్కునేది. తన గిన్నెలు కడిగిన నీళ్లు కూడా నా పాదుల్లోనే పోసేది. నా తోట మట్టిలో సగం ఆమె మోసుకొచ్చిందే. నేను మాత్రం వచ్చినవాళ్లందరితో నా తోట, నా మట్టి అని చెప్పుకునేదాన్ని.

మధ్యాహ్నం మూడింటికి ఆమె చెప్పుల చప్పుడు వినబడగానే టీ పెట్టేదాన్ని. ఆమె వెనక గడప అవతల కూర్చుని తాగేది. లోపలికి రమ్మని నేను అనలేదు, ఆమె రాలేదు. మాటలు కూడా పెద్దగా ఏమీ ఉండవు. ఈ రోజు కాయ ఎట్లా వచ్చింది, లారీలు ఎన్ని పోయాయి, అంతే. అయినా రోజంతా నేను మాట్లాడే మాటలు అవే. ఆదివారం చర్చికి పోతే అందరూ పలకరిస్తారు, వాళ్ల పలకరింపు నా ఆరోగ్యం దాటి ముందుకు పోదు.

ఒకసారి ఆమె గోడ పక్కనున్న బెత్తెడు నేలను చూపించి అడిగింది.

"సిస్టరమ్మా, ఆ అనపగింజలు ఒక పిడికెడు ఇస్తే ఈడ గోడకు పాకిస్తా."

"నీకు నేల యాడుండాది? అది నా గోడ" అన్నాను నవ్వుతూ. తమాషాకే అన్నానని నన్ను నేను సమాధానపరుచుకున్నాను. ఆమె కూడా నవ్వింది. మళ్లీ అడగలేదు. ఆ ఏడు నా అనపకాయలు చర్చిలో కోత పండగకు వెళ్లాయి, డాక్టర్ల ఇళ్లకు వెళ్లాయి. గోతం మోసిన ఇంటికి ఎన్ని వెళ్లాయో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఒక గిన్నెడు. అవి కూడా ముదిరినవి.

అదే కాలంలో బెంగళూరు నుంచి ఒక జంట నా తోట చూడటానికి వచ్చారు. మేడమీద కూరగాయలు పండిస్తారట. నా ఎండుటాకులను ఫోటోలు తీసుకున్నారు. రాబోయే తరాలకు తిండి మిగలాలంటే ఇలాంటి విత్తనాలే దిక్కని, నేను చేస్తున్నది మానవజాతికే మేలని అన్నారు. ఉబ్బిపోయాను. మట్టి పట్టిన గింజలు చూపిస్తే ఆ జంటలో భార్య "అయ్యో, ఇవి గింజలా" అని దూరం జరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఉన్న గింజలకు మట్టి దులిపేశాను, ఆ ఏడు మళ్లీ పట్టించలేదు. గింజలను శుభ్రంగా తుడిచి, వేపాకు వేసి, గాజు సీసాలో పోసి, హాల్లో అద్దాల అలమరలో పెట్టాను. మీద చీటీ కూడా అంటించాను. ఇంగ్లీషులో.

వేసవిలో జ్వరం తగిలింది. కీళ్లు పట్టేసి మంచం దిగలేకపోయాను. నేను పనిచేసిన ఆస్పత్రిలోనే పది రోజులు పడుకున్నాను. కొత్త నర్సులు నన్ను ఎవరో తెలియక "పెద్దమ్మా" అని పిలిచారు. ఇంటి తాళంచెవి వెనక గదామె దగ్గర ఉంచాను, మొక్కలకు నీళ్లు పోయడానికి. పగలంతా మండీలో నిలబడి, సాయంత్రం గంజి కాచి తెచ్చి, నా తల దువ్వి వెళ్లేది. నా బతుకులో నా తల ఇంకొకరు దువ్వడం మా అమ్మ తర్వాత అదే.

ఇంటికి వచ్చిన రోజు ఆమె రాగిసంగటి, పితికిపప్పు కూర పెట్టింది. పితికిపప్పు అంటే తెలియనివాళ్లకు చెబుతాను. అనపగింజలను రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్క గింజను వేళ్ల మధ్య పితికి తోలు తీసేయాలి. ఒక గిన్నెడు పప్పుకు పూట పడుతుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే నాకు మా ఇంటి వంటగది గుర్తొచ్చింది. పది రోజుల చేదు పోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో ముద్ద, మూడో ముద్ద తిన్నాను. కంచం ఖాళీ అయ్యాక అడిగాను.

"ఈ కాలంలో ఇంత వాసన అనపలు యాడ దొరికినాయి నీకు?"

"కొనలేదమ్మా. మీ అలమరలో సీసాలో ఉండె గదా. నోటికి హితవుగా ఉంటాదని నిన్న నానేసినా. ఈ పొద్దు మండీకి పోకుండా కూసోని పితికినా."

"అన్నీనా?"

"అన్నీ ఏసినానమ్మా. కొన్ని నానలే, రాళ్ల మాదిరి ఉండె, పారబోసినా."

నేను లేచి అలమర దగ్గరికి వెళ్లాను. సీసా కడిగి బోర్లించి ఉంది. చీటీ తడిసి ఊడిపోయింది. అప్పుడు నేనన్న మాట యథాతథంగా రాస్తున్నాను, దాచుకుంటే ఇదంతా రాయడం దండగ.

"తినేది కనబడితే చాలు, మీకు ఇంకేమీ కనబడదు."

నీకు అనలేదు. మీకు అన్నాను. ఆ ఒక్క మాటలో ఆమెనూ, ఆమె ఊరినీ, మండీలో ఆమెతో కూర్చునే ఆడవాళ్లందరినీ కలిపి తిట్టాను. మా అమ్మ బతికుంటే చేతిమీద కాదు, చెంపమీద కొట్టేది.

ఆమె నా కంచం తీసింది. గడప దగ్గర ఆగి, గొంతు పెంచకుండా చెప్పింది.

"మట్టి పట్టించి ఉండుంటే ముట్టనమ్మా. మేమూ సేద్యం చేసినోళ్లమే. మట్టి లేని గింజ తినే గింజే గదా."

ఆమె కంచం కడిగి, తాళంచెవి కిటికీలో పెట్టి, తన గదిలోకి వెళ్లింది. నెల నిండగానే ఖాళీ చేసింది. పోతూపోతూ ఎరువు గుంతమీద ఆకులు సర్ది పోయింది. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. బయటికి వచ్చి ఒక్క మాట అనడానికి నాకు అహం అడ్డొచ్చింది. అది గింజల మీద కోపమని చెప్పుకున్నాను.

వానలు మొదలవక ముందే విత్తనం వెతుక్కుంటూ కుప్పం బయలుదేరాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట, మళ్లీ బస్సు మారి కుప్పం, అక్కడినుంచి ఆటో. కీళ్లు పట్టేసిన మనిషికి అది పెద్ద ప్రయాణమే. మా వదిన నన్ను చూసి సంతోషపడింది, అన్నం పెట్టింది. అనప మాట ఎత్తితే నవ్వింది.

"ఇప్పుడు ఎవరేస్తారమ్మా దాన్ని? ఆరు నెలలు కాసుకోని కూసునేది ఎవరికి చేతనవుతాది? అంగట్లో ప్యాకెట్టు తెస్తే అరవై దినాలకు కాయ. ఏడాదంతా వస్తాండాది."

లోపలికి వెళ్లి ఒక ప్యాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మందు వాసన.

మా చేను చూసి వస్తానని నడిచాను. చేనును కౌలుకు ఇచ్చేశారు. తెల్లటి పరదాల గుడారం లేచింది, లోపల క్యాప్సికం. చుట్టూ కంచె, గేటుకు తాళం. కూలోళ్ల సాలు ఉండిన గట్టు మీదనే కంచె స్తంభాలు పాతారు. లోపల నలుగురు ఆడవాళ్లు వంగి పని చేస్తూ ఉన్నారు. సాయంత్రం వాళ్లు బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒకతను వాళ్ల సంచులు విప్పి చూసి పంపించాడు. వాళ్లకు అది కొత్త కాదు కాబోలు, వరసలో నిలబడి చూపించారు. నేను కంచె బయట నిలబడి అదంతా చూశాను. ఆ చేలో పుట్టి పెరిగిన నన్ను ఎవరూ ఎవరని అడగలేదు. చెప్పుకోవడానికి నాకూ ముఖం చెల్లలేదు. సంచులు విప్పి చూసే పని నేనూ చేశాను, ఇంకో విధంగా.

తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగానే వచ్చింది.

ఆ వానాకాలం నేనేమీ విత్తలేదు. వెనక గది కూడా ఎవరికీ ఇవ్వలేదు. మూడింటికి అలవాటుగా టీ పెట్టి, రెండో గ్లాసు తీసి, మళ్లీ లోపల పెట్టేసేదాన్ని. ఇల్లంతా గోడగడియారం చప్పుడే. ఒంటరిగా బతకడం నాకు కొత్త కాదు, కానీ ఒంటరినని నాకు తెలిసింది మాత్రం ఆ నెలల్లోనే. ఎరువు గుంతలో టమాటాలు లేవు. నేను వేసే నాలుగు కూరగాయల తొక్కులకు అది నిండదు. తోట నాది కాదన్న సంగతి ఆ గుంత చూసినప్పుడల్లా తెలిసివచ్చేది.

వినాయక చవితి దాటాక ఒక ఉదయం అంట్లు తోముకుంటుంటే బండ పక్కన తీగ కనిపించింది. ఊదారంగు కాడ, మూడు ఆకుల రెమ్మ. బండను పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఆమె పారబోసిన గింజలు. నానకుండా మొండికేసిన రాతి గింజలు. బండ పక్కన గిన్నెల నీళ్ల తడికి, తమకు తోచినప్పుడు, మొలకెత్తాయి. మూడు తీగలు. నా పెంపకం లేదు, నా సీసా లేదు, నా చీటీ లేదు.

వాటికి కర్రలు కట్టాను. కోళ్లు రాకుండా ముళ్లకంప పెట్టాను. కార్తీకం దాటి చలి పెట్టాక పూత వచ్చింది, మార్గశిరంలో కాయ పట్టింది. మొదటి కాయ ఒలిచి వేళ్లు వాసన చూశాను. అమ్మ అనపే. ఒక్కటి కూడా వండుకోలేదు. అన్నీ తీగ మీదనే ఎండనిచ్చి, ఒలిచి, ఎర్రమట్టి చిక్కగా కలిపి పట్టించాను. ఈసారి గోళ్లలోకి మట్టి ఎక్కితే తుడుచుకోలేదు. సగం ఒక గుడ్డలో, సగం ఇంకో గుడ్డలో కట్టాను.

మండీలో అడిగితే, ఆమె పుంగనూరులో చింతపండు కొట్టే పనికి పోయిందని చెప్పారు. మాఘమాసం ఎండలో పుంగనూరు వెళ్లి, రెండు మూడు చోట్ల అడిగి, ఒక రేకుల షెడ్డులో కనిపెట్టాను. పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని చింతకాయలు కొట్టి గింజలు తీస్తున్నారు. ఆమె వేళ్లు నల్లబడిపోయాయి. నన్ను చూసి లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"కీళ్లు ఎట్లుండాయి సిస్టరమ్మా? ఎండలో ఎందుకొచ్చినారు?"

మూట ఆమె చేతిలో పెట్టాను. "నువ్వు పారబోసినవే. మొలిచినాయి. మట్టి పట్టించినాను, సూడు."

ఆమె ముడి విప్పి ఒక గింజ తీసింది. గోటితో కాస్త మట్టి గీకి, వాసన చూసి నవ్వింది. నేను దారి పొడుగునా కూర్చుకున్న మాట అప్పుడు ఎత్తాను.

"ఆ దినం నేనన్న మాట..."

"ఏ మాటమ్మా?" అంది.

మరిచిపోయిందో, మరిచిపోయినట్టు నన్ను వదిలేసిందో తెలియలేదు. క్షమించమని అడగడానికి కూడా నాకు చోటు లేకుండా పోయింది. ఆమె మూట మళ్లీ ముడివేసి నా చేతిలో పెట్టింది.

"యాడ ఏసేదమ్మా? మెట్ల కింద రూములో ఉండాను. మన్నే లేదే. మీ దగ్గరే ఉండనీ."

నేల యాడుండాది నీకు అని నేను అడిగిన ప్రశ్నే అది. ఆమె జవాబుగా చెప్పలేదు, ఉన్న సంగతి చెప్పింది.

"గది ఖాళీగానే ఉండాది. వచ్చెయ్" అన్నాను.

"ఈడ అలవాటైపాయ, ఉండనీలేమ్మా."

"సరే. గోడ పక్క సాలు నీది. ఈ గింజలు ఆడ ఏస్తాను. కాయలు నువ్వే వచ్చి కోసుకో."

"సూస్తాంలేమ్మా" అంది. మేస్త్రి కేకేశాడు. ఆమె వెళ్లి తన చోట కూర్చుంది. ఒక్క పూట వచ్చిపోతే ఆ రోజు కూలి పోతుందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆషాఢం వానలకు రెండు మూటలూ విత్తాను. నావి ప్రహరీ పక్కన, ఆమెవి అద్దెగది గోడ పక్కన, ఆమె అడిగిన బెత్తెడు నేలలోనే. గోడ పక్క సాలే బాగా వచ్చింది. ఆ వైపు మట్టి నల్లగా ఉంది, ఆమె టమాటాలు కుమ్మరించిన గుంత ఆ పక్కనే, ఎందుకో చెప్పనక్కర్లేదు. నా సాలు కాయలు కోసి వీధిలో పనిచేసే పారిశుధ్యం ఆడవాళ్లకు ఇచ్చాను, కాయలతో పాటు పిడికెడు విత్తనం కూడా, మట్టి పట్టించి. మొన్న చర్చి నుంచి వచ్చినవాళ్లు గోడమీది కాయలు చూసి, కోసుకుంటామని సంచి తెరిచారు. వద్దన్నాను. కోపంగానే అన్నాను, నా కోపం అందరికీ అలవాటే.

సంక్రాంతి దాటింది. మూడింటికి టీ పెడుతున్నాను, రెండు గ్లాసులు బయట పెడుతున్నాను. వెనక వాకిలి గొళ్లెం తీసే ఉంచుతున్నాను. ఆమె రాలేదు. గోడ పక్క సాలులో కాయలు ముదిరిపోయి, ఎండి, మధ్యాహ్నం ఎండకు ఒక్కొక్కటే పగిలి గింజలు ఆ మట్టిలోనే రాలుతున్నాయి. నేను గడపలో కూర్చుని చూస్తున్నాను. ఒక్క కాయ కూడా తుంచలేదు. అవి నావి కావు.